చంద్రగిరి గద్దె, తిరుపతి ఓటు

చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు నిలబడితే ‘రాజుల కాలమే బాగుండేది’ అనే మాట ఎవరో ఒకరి నోట వినిపిస్తూనే ఉంటుంది. రాయి, ఇటుక, సున్నంతో లేచిన ఆ మూడంతస్తుల మేడ చూస్తే అలా అనిపించడం సహజమే. కానీ ఆ రాజుల కథ పూర్తిగా చదివితే భయమేస్తుంది.

చంద్రగిరి రాజధానిగా ఏలిన రెండో వేంకటపతి రాయలు సమర్థుడే. 1614లో ఆయన చనిపోతూ అన్న కొడుకు శ్రీరంగ రాయలకు రాజ్యం అప్పగించాడు. అది ఆ ఆస్థానంలో పలుకుబడి ఉన్న సామంతుడు జగ్గరాయడికి నచ్చలేదు. కొత్త రాజును చెరలో వేసి, చివరికి భార్యాబిడ్డలతో సహా చంపించాడు. మిగిలింది రామదేవుడనే పిల్లవాడొక్కడే. చనిపోయిన రాజు పక్షాన నిలిచిన సామంతుడు యాచమ నాయకుడు ఒక చాకలి సాయంతో ఆ పిల్లవాణ్ని బట్టల మూటలో దాచి బయటికి తెప్పించాడట. ఆ తగవు తోపూరు యుద్ధం దాకా పోయింది. రాజు మంచివాడా చెడ్డవాడా అన్నది తర్వాతి సంగతి. రాజు మారాలంటే రక్తం పారాల్సి రావడమే నా దృష్టిలో రాచరికపు అసలు జబ్బు.

ఇంగ్లండ్‌కు ఆ జబ్బుకు మందు వెతకడానికి వందల ఏళ్లు పట్టింది. 1649లో రాజు తల నరికారు. మళ్లీ రాజునే తెచ్చుకున్నారు. 1689 హక్కుల చట్టంతో మాత్రం పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను వేయకూడదని, శాంతికాలంలో సైన్యాన్ని పెట్టుకోకూడదని రాజు చేతులు కట్టేశారు. భూటాన్ 2008 రాజ్యాంగమైతే రాజు 65 ఏళ్లకు గద్దె దిగాలని రాసుకుంది. అదే ఏడు నేపాల్ రాజే వద్దనుకుంది.

మనమూ కొన్నాళ్లు రాజు పేరుకే ఉండే ఏర్పాటులోనే ఉన్నాం, చాలామందికి గుర్తుండదు గానీ. 1947 ఆగస్టు 15 నుంచి 1950 జనవరి 26 దాకా ఆరో జార్జి మన దేశానికీ రాజే. పాలన నెహ్రూ మంత్రివర్గానిది, పేరు మాత్రం రాజుది.

ఆ పేరు కూడా తీసేసిన రాజ్యాంగ సభలో తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ సభ్యుడు. మొదటి ఎన్నికల్లో తిరుపతి నుంచే లోక్‌సభకు గెలిచి, 1956లో స్పీకరయ్యారు. అంతకుముందు బ్రిటిష్ హయాంలో ఆస్తి, పన్ను, చదువు లాంటివి చూసి ఓటు ఇచ్చేవాళ్లు. 1951-52లో 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఇచ్చారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. అక్షరం ముక్క రాని కూలి మనిషి కూడా తెర వెనక్కి వెళ్లి, తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో చీటీ వేసి వచ్చాడు.