కేబీఆర్ పార్కు: మూడు మీటర్ల దగ్గర ముదిరిన గొడవ

హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ (కాసు బ్రహ్మానందరెడ్డి) నేషనల్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల గొడవ మళ్ళీ రాజుకుంది. ఆరు జంక్షన్లు, చెట్లు, కోర్టు కేసులు... పదేళ్ళ కిందట విన్న మాటలే మళ్ళీ వినిపిస్తున్నాయి. పార్కు లోపలి చిరాన్ ప్యాలెస్ ఎవరిది, 1998లో ఆ అడవి నేషనల్ పార్కు ఎలా అయ్యింది అన్న కథ హైదరాబాద్‌లో చాలామందికి తెలిసిందే. దాన్ని వదిలేద్దాం. ఇవాళ్టి తగవు అర్థం కావాలంటే చూడాల్సింది 2020.

అంతకంటే ముందు, ఆ పార్కు చుట్టూ పొద్దున్నే పరిగెత్తేవాళ్ళు దేనికోసం ఇంత పట్టుబడుతున్నారో ఒక్క మాట. పార్కు లోపలికి వెళ్ళాలంటే టికెట్టో పాసో ఉండాలి, గేట్లకు వేళలుంటాయి. బయటి వాక్‌వేకు ఆ బాధ లేదు. చీకటి విడవకముందే వచ్చి మొదలుపెట్టొచ్చు. ఒక రౌండ్ సుమారు ఆరు కిలోమీటర్లు. మూడున్నర రౌండ్లు కొడితే హాఫ్ మారథాన్ దూరం అయిపోతుంది. ఎత్తుపల్లాలు ఉంటాయి కాబట్టి కాళ్ళకు మంచి ప్రాక్టీసు. ఒక పక్క ట్రాఫిక్, ఇంకో పక్క బండరాళ్ళు, చెట్లు, నెమళ్ళ అరుపులు.

వీటన్నిటికంటే రన్నర్లకు విలువైనది ఇంకోటుంది. ఈ ఆరు కిలోమీటర్లలో ఎక్కడా రోడ్డు దాటక్కర్లేదు. వాక్‌వే పార్కును అంటిపెట్టుకునే తిరుగుతుంది కాబట్టి ఆరు జంక్షన్ల ట్రాఫిక్ పక్కనే ఉన్నా సిగ్నల్ కోసం ఒక్కసారి కూడా ఆగక్కర్లేదు. ఊరి నడిబొడ్డున, జనం బస్సులోనో మెట్రోలోనో వచ్చి చేరుకోగలిగిన చోట, చెట్ల నీడన ఇంత పొడవున తెగకుండా సాగే దారి హైదరాబాద్‌లో ఇంకెక్కడుంది? నెక్లెస్ రోడ్డు బాగుంటుంది, కానీ ఎండెక్కితే నీడ ఉండదు. కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో నీడ ఉంది, టికెట్టు కూడా ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ సైకిళ్ళ కోసం వేసింది, ఊరికి దూరం.

ఇక గొడవ సంగతి. 2016లో వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకం, అంటే అందరూ ఎస్‌ఆర్‌డీపీ అనేది, కింద పార్కు చుట్టూ ఫ్లైఓవర్లు కడతామని అప్పటి ప్రభుత్వం ముందుకొచ్చింది. పార్కు గేటు, బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి, మహారాజా అగ్రసేన్, ఫిల్మ్‌నగర్, రోడ్ నంబర్ 45, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు: ఇవే ఆ ఆరు జంక్షన్లు. 3,100కు పైగా చెట్లు పోతాయని నిరసనకారులు అన్నారు. వాకర్లు, రన్నర్లు, పిల్లలను వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులు పార్కు చుట్టూ చేతులు పట్టుకుని మానవహారంగా నిలబడ్డారు. జాతీయ హరిత ట్రైబ్యునల్ చెట్ల నరికివేతపై స్టే ఇచ్చింది. పని ఆగింది. చాలామంది దాన్ని గెలుపు అనుకున్నారు. ఆ రోజుల్లో ఆ మాట నమ్మడంలో తప్పేమీ లేదు.

కానీ అప్పుడు పనికి అడ్డంపడింది మానవహారం ఒక్కటే కాదు. నేషనల్ పార్కు చుట్టూ ఎంత దూరాన్ని ఎకో సెన్సిటివ్ జోన్‌గా, అంటే నిర్మాణాల మీద ఆంక్షలుండే రక్షణ వలయంగా, చూడాలన్నది అప్పటికి తేలలేదు. 2011 నాటి కేంద్ర మార్గదర్శకాలు ఈ జోన్లను రక్షిత అడవికి కుదుపు తగలకుండా కాపాడే ‘షాక్ అబ్జార్బర్లు’ అన్నాయి, పది కిలోమీటర్ల దాకా వెళ్ళొచ్చని కూడా చెప్పాయి. జోన్ తేలనంతకాలం పార్కు పక్కన ఏ పెద్ద పని మొదలుపెట్టినా ‘ఇది జోన్‌లోకి రాదా?’ అన్న ప్రశ్న ఎదురయ్యేది. నిజానికి పార్కును అప్పటిదాకా కాపాడుతూ వచ్చింది ఆ ప్రశ్నే.

2020 చివర్లో దానికి జవాబు వచ్చింది. కేంద్ర పర్యావరణ శాఖ తుది నోటిఫికేషన్ ఇచ్చింది: కేబీఆర్ పార్కు చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్ 3 మీటర్ల నుంచి 29.8 మీటర్లు.

మూడు మీటర్లంటే ఎంత? ఇద్దరు పక్కపక్కన పరిగెడుతూ, ఎదురుగా వచ్చే ఒకరికి దారివ్వగలిగేంత వెడల్పు. పది కిలోమీటర్ల దాకా వెళ్ళొచ్చన్న మాటతో మొదలై, ఒక చోట అంతకు కుదించుకుపోయింది. పార్కు నగరం మధ్యలో ఉంది, చుట్టూ ఇళ్ళూ రోడ్లూ నిండిపోయాయి, కిలోమీటర్ల లెక్కన జోన్ పెట్టడం కుదరదన్న వాదనలో నిజముంది. దాన్ని ఎవరూ కాదనరు. అయినా పది కిలోమీటర్లకూ మూడు మీటర్లకూ మధ్య ఎన్నో కొలతలున్నాయి. ఏది ఎంచుకున్నారో చూస్తే రోడ్డుకు చోటు వదిలారనే అనిపిస్తుంది. పైగా ఇలాంటి నోటిఫికేషన్లలో రోడ్ల విస్తరణ, చెట్లు కొట్టడం మామూలుగా నిషేధాల జాబితాలో ఉండవు. అనుమతితో చేసుకోగల పనుల జాబితాలో ఉంటాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకోటి జరిగింది. 2020 సెప్టెంబరు 25న దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, దానితోపాటు రోడ్ నంబర్ 45 ఎలివేటెడ్ కారిడార్ ప్రారంభమయ్యాయి. అవీ ఎస్‌ఆర్‌డీపీలో భాగమే. ఐటీ కారిడార్ నుంచి జూబ్లీహిల్స్‌కు దారి దగ్గరైంది, నిజమే. కానీ ఆ దారిన వేగంగా వచ్చిన వాహనాలన్నీ దిగేది ఎక్కడ? రోడ్ నంబర్ 45 జంక్షన్, చెక్‌పోస్టు, అంటే పార్కు అంచునే. ఇప్పుడు పార్కు చుట్టూ ఫ్లైఓవర్లు తప్పవని చెప్పడానికి చూపిస్తున్న రద్దీలో కొంత ఇలా వచ్చి చేరిందే. ఒకే కాలంలో అటు వాహనాలకు తలుపు తెరుచుకుంది, ఇటు రక్షణ జోన్ సన్నబడింది. 2016 కంటే నాకు ఇదే అసలు మలుపుగా కనిపిస్తుంది.

తర్వాత ఒక ఆశ పుట్టి పోయింది. 2022 జూన్ 3న సుప్రీంకోర్టు రక్షిత అడవుల చుట్టూ కనీసం ఒక కిలోమీటరు జోన్ ఉండాలంది. పార్కు అభిమానుల ప్రాణం లేచివచ్చింది. 2023 ఏప్రిల్‌లో కోర్టే దాన్ని సవరించింది. అప్పటికే ముసాయిదా లేదా తుది నోటిఫికేషన్ వచ్చిన చోట్లకు కిలోమీటరు నియమం వర్తించదంది. కేబీఆర్‌కు తుది నోటిఫికేషన్ 2020లోనే వచ్చేసింది కాబట్టి ఆ మూడు మీటర్లు అలాగే ఉండిపోయాయి.

ఈలోగా ప్రభుత్వం మారింది. పథకం పేరూ మారి హెచ్-సిటీ అయ్యింది. జంక్షన్లు మాత్రం అవే. 826 కోట్ల రూపాయల అంచనాతో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కడతామన్నారు. 2024 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. రోడ్డు వెడల్పులో స్థలాలు పోతాయని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కోర్టుకెక్కారు. 2025 వసంతంలో హైదరాబాద్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి చెట్ల మీదికి యంత్రాలు రావడం, సుప్రీంకోర్టు వాటిని ఆపడం చూశాక, పార్కు దగ్గర పొద్దున్నే కలుసుకునే జనంలో భయం మరీ పెరిగింది.

ప్రభుత్వం వాదన సూటిగా ఉంది. సిగ్నళ్ళ దగ్గర ఆగక్కర్లేకుండా వాహనాలు పోవాలి, జనం టైమూ పెట్రోలూ మిగలాలి, పార్కు భూమి జోలికి పోవట్లేదు, తీయాల్సిన చెట్లను వీలైనంతవరకు వేరేచోట నాటుతాం. రోజూ సాయంత్రం చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కునేవాళ్ళ అవస్థ చిన్నది కాదు, వాళ్ళ విసుగు నాకు తెలుసు.

అయితే ‘పార్కు భూమి’ అన్న మాట దగ్గరే చిక్కు. వాక్‌వే మీద పరిగెత్తేవాళ్ళ తల మీద పడే నీడ కంచె లోపలి చెట్లదే కాదు. రోడ్డువైపు నిలబడ్డ చెట్లదీ. వాటిని పార్కు లెక్కలో చూపరు. కాబట్టి పార్కులో ఒక్క చెట్టూ పోలేదని నిజాయితీగా చెబుతూనే ఈ దారి నీడంతా తీసేయొచ్చు. ముదురు వేపనో రావినో వేళ్ళతో లేపి వేరేచోట నాటితే, బతికినా దాని నీడ అక్కడే పడుతుంది, ఇక్కడ కాదు. ఇక ర్యాంపు ఎక్కడ దిగుతుందో, అండర్‌పాస్ గోడ ఎక్కడ మొదలవుతుందో దాన్నిబట్టి వాక్‌వే ఒక్కచోట తెగినా చాలు, ఆరు కిలోమీటర్ల రౌండ్ పోయి ముక్కలు మిగులుతాయి. పనులు సాగినన్నాళ్ళు బారికేడ్ల మాట చెప్పనే అక్కర్లేదు.

అందుకే అడగాల్సింది జంక్షన్ల వారీ డ్రాయింగులు. ఏ ర్యాంపు వాక్‌వేకు ఎన్ని మీటర్ల దూరంలో దిగుతుంది, ఏ చెట్టు ఉంటుంది, ఏది పోతుంది, నిర్మాణం జరిగేటప్పుడు పొద్దున్నే వచ్చేవాళ్ళు ఎటునుంచి వెళ్ళాలి. ఈ నాలుగూ రాసిన కాగితం ఒకటి పార్కు గేటు దగ్గర, తెలుగులో, అందరూ చదివేలా అతికించాలి. చెట్లకు గొడ్డలి తగలకముందే.