స్వర్ణకమలాలు వచ్చినా చెవికి చేరని సినిమాలు

1970ల తొలినాళ్లలో గ్రెగరీ ఫ్రేజియర్ అనే అమెరికన్, చూపు లేని తన మిత్రుడితో కలిసి ‘హై నూన్’ చూశాడు. 1952 నాటి ఆ సినిమాకు నాలుగు ఆస్కార్లు వచ్చాయి. అందులో మాటల కంటే చూపులకూ గడియారాలకూ పని ఎక్కువ. తెర మీద జరిగేదాన్ని ఫ్రేజియర్ పక్కన కూర్చుని చెబుతూ పోయాడు. ఆ ఆలోచననే 1975లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. సిద్ధాంతవ్యాసంగా మలిచాడు. సంభాషణలకు అడ్డు రాకుండా, వాటి మధ్య ఖాళీల్లో కదలికలనూ ముఖకవళికలనూ క్లుప్తంగా చెప్పే ఈ పద్ధతినే ఇప్పుడు ఆడియో డిస్క్రిప్షన్ అంటున్నాం.

అంటే ఇది పుట్టిందే ఒక పాత అవార్డు చిత్రం దగ్గర. ఆ తర్వాత దారి మళ్లింది.

1981లో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్ నాటకశాలలో, చూపు కోల్పోయిన మార్గరెట్ ఫాన్‌స్టీల్, ఆ తర్వాత ఆమెను పెళ్లాడిన కోడీ కలిసి నాటకాలకు వర్ణన మొదలుపెట్టారు. 1990లో అమెరికా ప్రభుత్వ మద్దతున్న పీబీఎస్ టీవీకి అది చేరింది. టీవీ సంస్థలు వర్ణన ఇవ్వాలని 2000లో వచ్చిన నిబంధనలను 2002లో కోర్టు కొట్టివేసింది. మళ్లీ చట్టం రావడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. 2015లో నెట్‌ఫ్లిక్స్ ‘డేర్‌డెవిల్’ సిరీస్‌ను విడుదల చేసినప్పుడు దానికి వర్ణన లేదు. కథానాయకుడు అంధుడు! విమర్శలు వచ్చాక కొద్ది రోజుల్లోనే చేర్చారు.

మనకు అంతకంటే పాత అలవాటే ఒకటి ఉంది. ఆకాశవాణి ‘సంక్షిప్త శబ్దచిత్రం’ పేరుతో సినిమా మాటలనూ పాటలనూ కుదించి వినిపించేది. పౌరాణికాలకు, కుటుంబ కథలకు అది చక్కగా సరిపోయేది. ఎందుకంటే అక్కడ కథను మోసేది సంభాషణే. చిక్కల్లా అవార్డు చిత్రాలతోనే. సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’ (1987) జాతీయ అవార్డు పొందింది. అందులో సంభాషణలే లేవు. తెలంగాణ గడీ జీవితాన్ని చూపిన బి. నరసింగరావు ‘దాసి’ (1988) అయిదు జాతీయ అవార్డులు తెచ్చుకుంది. దాని బలం మౌనంలోనే ఉంది. న్యాయనిర్ణేతలు మెచ్చిన ఆ దృశ్యభాషే అంధ ప్రేక్షకుడికి తలుపు మూసేస్తోంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ఆడియో డిస్క్రిప్షన్‌ను పేరు పెట్టి చెప్పింది. అది కాగితం మీదే ఉండిపోతే 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ‘పఠాన్’ ఓటీటీ విడుదలకు వర్ణన చేర్చాలని ఆదేశించింది. 2024 మార్చిలో సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ థియేటర్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం 2025 జనవరి 1 నుంచి జాతీయ అవార్డులకూ గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికీ పంపే ఫీచర్ ఫిల్ములకు ఆడియో డిస్క్రిప్షన్ తప్పనిసరి.

మంచి అడుగే, కాదనను. కానీ ఇకపై పోటీకి వచ్చే చిత్రాలకే ఆ షరతు. ఎప్పుడో అవార్డు తీసుకుని వెళ్లిపోయిన చిత్రాన్ని అడిగేవారెవరు? దాని నిర్మాత ఉండకపోవచ్చు, హక్కులు చేతులు మారి ఉండవచ్చు, ఖర్చు పెట్టినా తిరిగి వచ్చే వసూళ్లు ఉండవు.

పరభాషా చిత్రమైతే కష్టం రెండింతలు. బెంగాలీ ‘పథేర్ పాంచాలి’ని చూడాలనుకునే తెలుగు అంధుడికి తెర కింద పడే సబ్‌టైటిల్స్ కూడా అందవు. వాటిని చదివే గొంతొకటి, దృశ్యాన్ని చెప్పే గొంతొకటి కావాలి. 1993లో లండన్‌లో అగ్నిప్రమాదంలో దెబ్బతిన్న ఆ చిత్రం నెగటివ్‌లను ఎంతో శ్రమపడి బాగుచేసి 2015లో మళ్లీ ప్రదర్శించారు. అలాంటి పునరుద్ధరణ బడ్జెట్‌తో పోలిస్తే ఒక రచయితకూ ఒక గాత్రానికీ అయ్యే ఖర్చు చిన్నది. నా మటుకు నాకు, పాత చిత్రాలను ప్రజాధనంతో బాగుచేసే ప్రతి ఒప్పందంలోనూ ఈ పద్దు కూడా ఉండాలి.