అప్‌డేట్ తర్వాత బూట్ డ్రైవు కనబడకపోతే: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

విండోస్ ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ తగిలించి, దాంట్లో ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని నేర్చుకుంటున్నారు కదా. అది నిన్నటిదాకా లేచేది (బూట్ అయ్యేది), రాత్రి ఏదో అప్‌డేట్ పడింది, పొద్దున్నుంచి లేవడం లేదు. ముందు చేయకూడని పని చెబుతాను. విండోస్‌లో డ్రైవు తగిలించగానే "వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి. ఉబుంటు ఫైళ్లు సర్దుకునే పద్ధతిని, అంటే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌ని, విండోస్ మామూలుగా చదవలేదు. తనకు తెలియని దాన్ని చెరిపేసి కొత్తగా రాస్తానంటోంది, అంతే. డ్రైవులన్నీ చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "ఇనిషియలైజ్" అని అడిగినా ఒప్పుకోవద్దు. ఇలాంటప్పుడు డేటా పోయేది చాలావరకు అప్‌డేట్ వల్ల కాదు, కంగారులో నొక్కిన ఆ బటన్ వల్ల.

ఇప్పుడు విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డ్రైవు సైజూ పార్టిషన్లూ (డ్రైవులో చేసిన విభాగాలు) అక్కడ కనిపిస్తే వైరు, ఎన్‌క్లోజర్ (డ్రైవు ఉండే పెట్టె), డ్రైవు పనిచేస్తున్నట్టే. కనిపించకపోతే అప్‌డేట్ సంగతి పక్కన పెట్టి వైరు మార్చి చూడండి. ఫోన్‌తో వచ్చే కొన్ని చవక వైర్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే పెట్టండి. యూఎస్‌బీ 2 పోర్టు మామూలుగా ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. ఎస్‌ఎస్‌డీ కాకుండా తిరిగే హార్డ్ డిస్క్ అయితే మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది కాబట్టి తక్కువ కరెంటిచ్చే పోర్టులో టిక్కు టిక్కుమని ఆగిపోతుంది.

విండోస్‌కి కనిపిస్తూ, ఏ డ్రైవు నుంచి లేవాలో అడిగే బూట్ మెనూలో మాత్రం లేకపోతే అసలు సంగతి ఇక్కడుంది. ఆన్ చేయగానే డెల్, లెనోవో ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే ఆ మెనూ వస్తుంది. రాకపోతే విండోస్‌లోనే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, "యూజ్ ఎ డివైస్" ఎంచుకోండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే సరిపోదా అంటారేమో. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు, తన గుండెకాయ లాంటి కెర్నెల్‌ని డిస్కులో దాచుకుని పడుకుంటుంది. రీస్టార్ట్ అయితేనే మొదటినుంచీ మొదలవుతుంది. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాము, దీన్నే ఫర్మ్‌వేర్ అనీ అంటారు) ఉండే ఫాస్ట్ బూట్ వేరే. వేగం కోసం అది కొన్ని మెషిన్లలో యూఎస్‌బీని వెతకడమే మానేస్తుంది, దాన్ని ఆపేయండి.

విండోస్ అప్‌డేట్‌తో పాటు బయోస్ అప్‌డేట్ కూడా రావచ్చు. అది వచ్చాక కొన్నిసార్లు సెట్టింగులన్నీ మొదటికొస్తాయి: యూఎస్‌బీ బూట్ ఆగిపోతుంది, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రాములనే లేవనిచ్చే కాపలా) ఆన్ అవుతుంది, యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతికి ముందున్న పాత లెగసీ పద్ధతి మూతపడుతుంది. ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో తయారైన డ్రైవులు చాలావరకు ఆ లెగసీ మీదే ఆధారపడతాయి. వీటికి తోడు ఇంకోటి పోతుంది. ఉబుంటు వేసినప్పుడు "ఫలానా డ్రైవులో ఫలానా ఫైలు నడుపు" అని ఒక చీటీ మదర్‌బోర్డు మెమరీలో రాసి ఉంటుంది. ఆ చీటీ చెరిగిపోతే ఫైలు డ్రైవులో భద్రంగా ఉన్నా ఫర్మ్‌వేర్‌కి దారి తెలియదు.

చీటీ లేకుండా ఫర్మ్‌వేర్ వెతికే చోటు ఒక్కటే: ఫ్యాట్32 (ఫర్మ్‌వేర్ కూడా చదవగల ఫైల్ సిస్టమ్) పార్టిషన్‌లో ఈఎఫ్‌ఐ ఫోల్డరు, దాంట్లో బూట్ ఫోల్డరు, అందులో బూట్ఎక్స్64.ఈఎఫ్‌ఐ (BOOTX64.EFI) ఫైలు. ఇంకో పెన్‌డ్రైవు నుంచి ఉబుంటు లైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) లేపి, డిస్క్స్ యాప్‌లో మీ ఎస్‌ఎస్‌డీ చిన్న ఫ్యాట్ పార్టిషన్‌ని మౌంట్ చేసి, అంటే తెరిచి, చూడండి. ఈఎఫ్‌ఐలో ఉబుంటు ఫోల్డరు ఉండి బూట్ ఫోల్డరు లేకపోతే దాన్ని తయారుచేయండి. ఉబుంటు ఫోల్డరులోని షిమ్ఎక్స్64 (మొదట నడిచి గ్రబ్‌ని పిలిచే చిన్న ప్రోగ్రాము, షిమ్), గ్రబ్ఎక్స్64 (ఉబుంటుని లేపే బూట్‌లోడర్, గ్రబ్), ఎమ్ఎమ్ఎక్స్64 ఫైళ్లను అందులోకి కాపీ చేసి, షిమ్ఎక్స్64 నకలుకి మాత్రం బూట్ఎక్స్64.ఈఎఫ్‌ఐ అని పేరు మార్చండి. ఉబుంటు ఫోల్డరుని కదిలించవద్దు, గ్రబ్ తన సెట్టింగుల ఫైలుని అక్కడే వెతుక్కుంటుంది. ఇక ఈ డ్రైవు ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్ ఉన్న ఏ 64-బిట్ యూఈఎఫ్‌ఐ మెషిన్‌కి తగిలించినా లేవాలి.

ఎస్‌ఎస్‌డీలో అసలు ఫ్యాట్ పార్టిషనే లేదా? పాత ఉబుంటు ఇన్‌స్టాలర్‌కి ఒక పాడు అలవాటుంది: బయటి డ్రైవు చూపించినా బూట్‌లోడర్‌ని లోపలి డిస్కు ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోనే పడేస్తుంది. అప్పుడు ఎస్‌ఎస్‌డీలో 500 ఎంబీ చోటు ఖాళీ చేసి, ఫ్యాట్32 పార్టిషన్ చేసి, గ్రబ్‌ని అక్కడికి కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి. పార్టిషన్లు కదిలించే పని కాబట్టి ముందు ఫైళ్లు ఇంకోచోటికి కాపీ చేసుకోండి.

మూడో రకం ఇబ్బంది: డ్రైవు బూట్ మెనూలో కనిపిస్తుంది కానీ సెక్యూర్ బూట్ దాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత చాలామందికి తెర మీద "వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్: సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని పడి మెషిన్ ఆగిపోయింది. బూట్‌లోడర్‌లో భద్రతా లోపాలు దిద్దినప్పుడల్లా దాని తరం సంఖ్య (ఎస్‌బ్యాట్ డేటాలో ఉండేది ఇదే) పెంచుతారు. ఆ అప్‌డేట్ "ఇంతకన్నా పాత తరాన్ని రానివ్వకు" అనే కనీస సంఖ్యను ఫర్మ్‌వేర్‌లో రాసింది. విండోస్ ఒక్కటే ఉన్న మెషిన్లకని ఉద్దేశించిందే అయినా, విండోస్, లినక్స్ రెండూ ఉన్న కొన్నిటిని గుర్తుపట్టలేక వాటికీ రాసేసింది. పాత లైవ్ పెన్‌డ్రైవులు కూడా అలాగే ఆగిపోయాయి.

దీనికి సెక్యూర్ బూట్ కాసేపు ఆపాలి. ఆపేముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) ఉందో లేదో చూసుకోండి. ఉంటే, తర్వాత విండోస్ తెరిచేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉందేమో చూసి, కాగితం మీద రాసుకున్నాకే బయోస్‌లోకి వెళ్లండి. సెక్యూర్ బూట్ ఆపి, ఉబుంటు లేపి, అప్‌డేట్లన్నీ వేసి కొత్త షిమ్ తెచ్చుకుని, మళ్లీ ఆన్ చేయండి. శాశ్వతంగా ఆపేసి ఊరుకోవడం నాకిష్టం లేదు.

బూట్ ఫోల్డరులోకి ఇందాక చేత్తో కాపీ చేసిన నకలు ఉంటే, ఉబుంటు అప్‌డేట్ దాన్ని ముట్టుకోకపోవచ్చు. షిమ్ మారినప్పుడల్లా ఆ మూడు ఫైళ్లూ మళ్లీ కాపీ చేయండి.

ఇట్లు,
మీ పెదనాన్న