ఇన్వోకర్ ఒక్కడే వస్తే చాలదా? ‘హీరో పూల్’ గొడవ వెనక కథ

కేపీహెచ్‌బీలోని ఒక గేమింగ్ సెంటర్‌లో గత ఆదివారం డోటా 2 పోటీ సగంలో ఆగిపోయింది. ఐదుగురు చొప్పున రెండు టీములు, ఒక్కొక్కరూ ఒక్కో ‘హీరో’ పాత్రని ఎంచుకుని ఆడే కంప్యూటర్ గేమ్ అది. కరెంటు పోలేదు, నెట్టూ పోలేదు. ఒక గేమ్‌లో ఏ టీమ్ వాడిన హీరోనైనా ఆ సిరీస్‌లో మళ్లీ ఎవరూ తీసుకోకూడదని నిర్వాహకులు రూలు పెట్టారు. రెండో గేమ్‌కే ఒక టీమ్ చేతులెత్తేసింది. వాళ్ల మిడ్ ప్లేయర్‌కి, అంటే మధ్య దారిలో ఆడేవాడికి, ఇన్వోకర్ తప్ప ఇంకో హీరో చేతికి రాదు. ఇలా ఒకడి చేతికొచ్చిన హీరోల జాబితానే ‘హీరో పూల్’ అంటారు. ‘ఎంట్రీ ఫీజు తిరిగిచ్చెయ్ అన్నా’ అని మొదలైన మాట వాట్సాప్ గ్రూపులకెక్కి, ఇప్పుడు ఊళ్లో డోటా ఆడేవాళ్లంతా రెండు ముఠాలయ్యారు.

ఆ కుర్రాడి వాదన కొట్టిపారేసేది కాదు. ఇన్వోకర్‌కి మూడు గోళాలు కలిపితే పది మంత్రాలు. వాటిని కంటితో చూడకుండా వేళ్లతో పలికించడానికే ఏళ్లు పడుతుంది. గంటకింత అని కట్టి ఆడేవాడికి ఆ ఏళ్లన్నీ జేబులోంచి పోయిన డబ్బే. ప్రొఫెషనల్స్‌కి జీతం, కోచ్, రోజంతా ప్రాక్టీసు ఉంటాయి కాబట్టి ఎన్ని హీరోలైనా నేర్చుకుంటారు, మాకెక్కడిదంత టైమ్ అంటాడు.

ఆ లెక్క మాత్రం సరికాదు. ఎందుకో తెలియాలంటే డోటా పుట్టుపూర్వోత్తరాలు అక్కర్లేదు, 2019 ఏప్రిల్ 13న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏం జరిగిందో చూస్తే చాలు.

ఆ రోజు ఓపెన్‌ఏఐ తయారుచేసిన ‘ఓపెన్‌ఏఐ ఫైవ్’ అనే ప్రోగ్రామ్, అంతకుముందు ఏడాది ప్రపంచ విజేత ఓజీ టీమ్‌ని 2-0తో ఓడించింది. మనుషుల పని అయిపోయిందని అందరూ రాశారు. చిన్న అక్షరాల్లో ఉన్న షరతు మీద పెద్దగా ఎవరి దృష్టీ పడలేదు. అప్పటికి డోటాలో 117 మంది హీరోలున్నారు. ఆ మ్యాచ్‌లో ఎంచుకోడానికి పెట్టింది 17 మందినే. ఆ పదిహేడు మంది కోసం మెషీన్ తనతో తానే పది నెలల పాటు, అంటే మన లెక్కలో 45,000 ఏళ్లకు సమానమైన ఆట ఆడింది. అంటే టైమ్‌కి ఏ లోటూ లేని మెషీన్ కూడా తడబడింది ఆట దగ్గర కాదు, హీరోల సంఖ్య దగ్గర.

అదే ఓజీ నాలుగున్నర నెలలు తిరక్కముందే షాంఘైలో రెండోసారి డోటా ప్రపంచ పోటీ ‘ది ఇంటర్నేషనల్’ గెలిచింది. రెండుసార్లు గెలిచిన మొదటి టీమ్ అదే. ఆ టోర్నీలో వాళ్లు అయో అనే హీరోని తెచ్చి ప్రధాన హంతకుడిగా, ఆటగాళ్ల మాటలో ‘క్యారీ’గా, నిలబెట్టారు. పక్కవాడికి ప్రాణం పోస్తూ వెనకే తిరిగే సపోర్ట్ హీరో అది. 45,000 ఏళ్లు కాదు కదా, 45 వారాలు కూడా ఎవరూ దాన్ని అలా సాధన చేసి ఉండరు. మరెలా కుదిరింది? క్యారీగా ఎప్పుడు డబ్బు పోగెయ్యాలో, ఎప్పుడు కొట్లాటకి దిగాలో ఆడేవాడికి ముందే తెలుసు. అయో పేరుతో కొత్తగా నేర్చుకోవాల్సింది కొంచెమే.

ప్రొఫెషనల్స్ నూటపాతిక మందిని విడివిడిగా గుర్తుపెట్టుకోరు. వాళ్లు నేర్చుకునేది స్థానాన్ని. టీమ్‌లోని ఐదు స్థానాల్లో ఒక్కో ఆటగాడిది ఒక్కోటి. ఆ ప్యాచ్‌లో (గేమ్‌కి అప్పుడప్పుడు వచ్చే మార్పుల విడతలో) ఆ స్థానానికి పనికొచ్చే హీరోలు కొద్దిమందే, వాళ్లే పదునుగా ఉంటారు. మిగతావాళ్లు అటక మీదుంటారు, ప్యాచ్ మారగానే కిందకి దిగుతారు.

చేతి అలవాటు సంగతి వేరు, దాని మూలం ఇంకా వెనక్కి, నెట్ సెంటర్ల కాలంలో ఉంది. వార్‌క్రాఫ్ట్ 3 అనే గేమ్ మీద పాత డోటా ఆడినవాళ్లకి తెలుసు, ఒక్కో హీరోకి ఒక్కో కీల వరస. పడ్జ్ కొక్కెం విసరాలంటే టీ, లీనా నిప్పు వదలాలంటే డీ. ఇన్వోకర్‌కైతే పది మంత్రాలకి పది అక్షరాలు. హీరో మారితే కీబోర్డే మారినట్టుండేది. అను ఫాంట్స్‌లో యాపిల్ కీబోర్డు అలవాటైన డీటీపీ ఆపరేటర్‌ని ఇన్‌స్క్రిప్ట్ ముందు కూర్చోబెడితే ఎలా ఉంటుందో అలా. (ఈ ముక్క రాస్తున్నవాడికీ ఆ బాధ తెలుసు.) డోటా 2 వచ్చాక అందరికీ క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్ వరసే. ఇన్వోకర్ పిలిచిన మంత్రాలు కూడా డీ, ఎఫ్ దగ్గరికే వచ్చి కూర్చుంటాయి. ఒక హీరోతో కుదిరిన చెయ్యి ఇంకో హీరోకీ సగం పనికొచ్చేది అప్పట్నుంచే.

మిగిలిన సగమే రోజువారీ సాధన. దెబ్బ వెయ్యడానికి ఒక్కో హీరో చెయ్యి ఒక్కోలా లేస్తుంది. క్రిస్టల్ మెయిడెన్‌ది నింపాదిగా కదులుతుంది, ఆ ఆలస్యం వేలికి తెలియకపోతే లాస్ట్ హిట్ (ప్రాణం తీసి డబ్బు తెచ్చే చివరి దెబ్బ) పక్కవాడికి పోతుంది. అందుకే ఆటకి ముందు డెమో మోడ్‌లో ఆ హీరోతో కాసేపు లాస్ట్ హిట్లు కొట్టి చెయ్యి వేడి చేసుకుంటారు. కొత్త హీరోని మొదట మామూలు గేముల్లో పాడుచేసుకుని, ఆ తర్వాతే టీమ్ స్క్రిమ్‌కి, అంటే ఇంకో టీమ్‌తో ఆడే ప్రాక్టీసు మ్యాచ్‌కి, తెస్తారు. ఇందులో ఖర్చుతో కూడింది స్క్రిమ్ ఒక్కటే.

ఇప్పుడు గొడవకి మూలమైన రూలు డోటాది కాదు, అలాంటిదే ఇంకో గేమ్ లీగ్ ఆఫ్ లెజెండ్స్‌ది. దాని పేరు ‘ఫియర్‌లెస్ డ్రాఫ్ట్’. హీరోల్ని అక్కడ ఛాంపియన్లంటారు, ఒక్కో గేమ్‌కి పది మంది ఖర్చయిపోతారు. ఐదో గేమ్‌కి నలభై మంది పోయి ఉంటారు, పైగా ఆ గేమ్‌లో బ్యాన్లు, అంటే ఎవరూ తీసుకోకుండా టీములు ముందే తీసేసేవి, ఇంకో పది. 2025 నవంబర్ 9న చెంగ్డూలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్ సరిగ్గా అక్కడిదాకా వెళ్లింది. కేటీ రోల్‌స్టర్ మీద టీ1 3-2తో గెలిచింది. టీ1 మిడ్ ప్లేయర్ ఫేకర్ 2013 నుంచి ఆడుతున్నాడు, ప్రొఫెషనల్ మ్యాచ్‌ల్లో 80కి పైగా ఛాంపియన్లను వాడాడు. ఆ రూలు ఎవరికి కలిసొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

నిజానికి ఒక్క హీరోనే నమ్ముకోవడం ఈ రూలు రాకముందూ నడవలేదు. ఎదుటి కెప్టెన్ ఒక్క బ్యాన్‌తో ఇన్వోకర్‌ని తీసేస్తే మన కుర్రాడి పరిస్థితి అదే. ఇన్నాళ్లూ ఎవరూ తియ్యలేదంటే, ఎవరూ అతన్ని అంత సీరియస్‌గా తీసుకోలేదని.

అయితే నిర్వాహకుల వైపు ఒక మచ్చ ఉంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ నడిపే రయట్ ఈ రూలుని ముందు 2025 మొదటి స్ప్లిట్‌కే (సీజన్‌లో మొదటి విడతకే) అని చెప్పి, టీములు అలవాటు పడ్డాక మిగతా ఏడాదికీ పొడిగించింది. కేపీహెచ్‌బీలో దాన్ని చెప్పింది ఆదివారం పొద్దున, ఫీజులు కట్టించుకున్న తర్వాత.