నాబోతు తోట గురించి

పిల్లలూ,

మొన్న ఫోన్లో మీరు అడిగారు కదా, బైబిలు పాత నిబంధనలో దేవుడికి రాజుల మీద అంత కోపమెందుకు, విగ్రహాలకు మొక్కినందుకేనా అని. ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

విగ్రహాల గొడవ ఉంది, కాదనను. ఇశ్రాయేలు రాజు అహాబు తన రాజధాని షోమ్రోనులో బయలు అనే పరాయి దేవుడికి గుడే కట్టించాడు. కానీ అతని వంశం మీద పడ్డ తీర్పు ఒక తోట దగ్గర మొదలైంది.

ఈ కథ బైబిల్లో రాజుల గ్రంథంలో ఒక అధ్యాయం. యెజ్రెయేలు అనే ఊళ్లో రాజుగారి కోట పక్కనే నాబోతు అనే రైతుకు ద్రాక్షతోట ఉండేది. అహాబు దాన్ని కూరతోట చేసుకుందామనుకున్నాడు. డబ్బిస్తానన్నాడు, ఇంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు. బేరం న్యాయంగానే ఉంది. అయినా నాబోతు ఇవ్వనన్నాడు, అది పిత్రార్జితం. భూమి దేవుడిది, శాశ్వతంగా అమ్మకూడదు అని బైబిల్లోనే లేవీయకాండంలో ఉంది. ఆ మాట రాజుకూ తెలుసు. ఇంటికెళ్లి, అన్నం మానేసి, మొహం అటు తిప్పుకుని మంచమెక్కాడు. మీ చిన్నప్పటి అలకలే గుర్తొస్తాయి నాకు!

ఇక అతని భార్య యెజెబెలు రాణి ఏం చేసిందో చూడండి. ముప్పై ఏళ్లు మండలాఫీసులో కాగితాలు చూసిన వాణ్ణి కదా, ఆ అధ్యాయంలో నన్ను భయపెట్టేది ఇదే. రాజు పేరుతో ఉత్తరాలు రాసి, రాజముద్ర వేసి, ఊరి పెద్దలకు పంపింది. ఉపవాసం చాటించి, నాబోతును జనం ముందు కూర్చోబెట్టి, దేవుణ్ణీ రాజునూ దూషించాడని ఇద్దరి చేత చెప్పించమంది. ఆ ఇద్దరు అన్న అంకె ఊరికే వేసింది కాదు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ చంపకూడదు, ఇద్దరో ముగ్గురో ఉండాలి. అంటే రూల్ తప్పకుండానే హత్య చేసింది. ముద్ర సరిగ్గానే ఉంది, సాక్షులు సరిపోయారు, పెద్దలు నోరెత్తలేదు. నాబోతును ఊరి బయటికి తీసుకెళ్లి రాళ్లతో కొట్టి చంపారు. ఫైలు మాత్రం ఎక్కడా తప్పు లేకుండా నడవడం, నా సర్వీసులో నేనూ చూశాను.

అహాబు తోట చూసుకోవడానికి వెళ్లేసరికి ఏలీయా ప్రవక్త ఎదురొచ్చాడు. చంపి, ఆస్తి కూడా కాజేశావా అని అడిగాడు. కుక్కలు నాబోతు రక్తం నాకినచోటే నీ రక్తమూ నాకుతాయన్నాడు. రాజు బట్టలు చింపుకుని, గోనెపట్ట కట్టుకుని ఉపవాసమున్నాడు. ఆ కాస్త పశ్చాత్తాపానికే, కీడును అతని కొడుకు కాలానికి వాయిదా వేస్తానన్నాడు దేవుడు. తండ్రి తప్పుకు కొడుకేంటి అని మీరంటారు. నాకూ అక్కడ మనసు ఒప్పదు, దాచను.

ఇంకో సంగతి. క్రీ.పూ. 853లో కర్కర దగ్గర అష్షూరు రాజు మూడో షల్మనేసెరును ఎదిరించిన రాజుల్లో అహాబు ఒకడు. అతను 2,000 రథాలతో, 10,000 మంది సైనికులతో వచ్చాడని షల్మనేసెరు రాతిశాసనమే చెబుతోంది. అంత పెద్ద యుద్ధం గురించి రాజుల గ్రంథంలో ఒక్క ముక్క లేదు. ఒక రైతు తోటకు మాత్రం అధ్యాయమంతా ఇచ్చారు. రాజును వాళ్లు దేంతో కొలిచారో మీకే అర్థమవుతుంది.

చివరికి అహాబు రామోత్గిలాదు అనే ఊరి కోసం జరిగిన యుద్ధానికి మారువేషంలో వెళ్లాడు. ఎవడో గురి చూడకుండా వదిలిన బాణం కవచం అతుకుల సందులోంచి దిగింది. సాయంత్రం దాకా రథంలోనే నిలబడి చనిపోయాడు. షోమ్రోను కొలను దగ్గర రథం కడుగుతుంటే కుక్కలొచ్చి రక్తం నాకాయి. తర్వాత యెహూ అనే సేనాధిపతి అహాబు కొడుకు యెహోరామును చంపి, శవాన్ని నాబోతు పొలంలోనే పారేయించాడు. ఏలీయా చెప్పినట్టే జరిగింది కాబట్టి కథ అయిపోయిందనుకుంటాం.

అవలేదు. యెహూ అంతటితో ఆగక అహాబు కొడుకులు 70 మంది తలలు గంపల్లో యెజ్రెయేలుకు తెప్పించుకున్నాడు. ఇంచుమించు వందేళ్ల తర్వాత, యెహూ మునిమనవడు సింహాసనం మీద ఉండగా, హోషేయ ప్రవక్తకు కొడుకు పుట్టాడు. యెజ్రెయేలులో పారిన రక్తానికి యెహూ ఇంటివాళ్లను శిక్షిస్తాను, బిడ్డకు ఆ ఊరి పేరే పెట్టు అన్నాడు దేవుడు. ఇక ఆ తల్లి పిల్లాణ్ణి అన్నానికి పిలిచినప్పుడల్లా వీధి వీధంతా యెజ్రెయేలు అన్న మాట వినాల్సిందే.

ప్రేమతో,
మీ తాతయ్య