క్రిస్మస్ సినిమాలు, ఇంట్లో దుఃఖం: అపోహలు - వాస్తవాలు

ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలకి కౌన్సెలింగ్ చేయడం నా పని. ఉండేది గుంటూరులో. నవంబర్ ఆఖరు వారం వచ్చిందంటే నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. వీధంతా స్టార్లు వెలుగుతుంటాయి, క్యారల్స్ వాళ్లు వచ్చి తలుపు తడతారు, చుట్టాలు కేకులు పంపుతారు. ఇంట్లో మాత్రం ఒక మనిషి ఉండరు. "పిల్లలకి ఏదైనా మంచి క్రిస్మస్ సినిమా చెప్పండి మేడమ్, ఏడుపు లేనిది" అని అడుగుతారు. అలా అడిగినవాళ్లతో మాట్లాడినప్పుడు మళ్లీ మళ్లీ వినిపించిన కొన్ని నమ్మకాల గురించి రాస్తున్నాను.

అపోహ: క్రిస్మస్ సినిమాలంటే మంచు, కానుకలు, నవ్వులు. చావు ప్రస్తావన ఉండదు.

వాస్తవం: అమెరికాలో తరతరాలుగా ఇంటిల్లిపాదీ చూసే ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ 1946లో, యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది వచ్చింది. క్రిస్మస్ ముందురోజు రాత్రి చచ్చిపోదామని వంతెన మీదకి వెళ్లిన మనిషి కథ అది. వంతెన సీను అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం చాలా ముందు వచ్చే మందుల షాపు సీను ముఖ్యం. కొడుకు పోయాడని షాపు యజమానికి టెలిగ్రాం వస్తుంది. తాగి, ఏం చేస్తున్నాడో తెలియని స్థితిలో, ఒక ఇంటికి పంపాల్సిన మందులో విషం కలిపేస్తాడు. షాపులో పనిచేసే కుర్రాడు, అంటే చిన్నప్పటి ఆ వంతెన మనిషే, అది గమనించి మందు ఇవ్వకుండా తిరిగొస్తాడు. ముసలాయన వాడిని చెవి మీద కొడతాడు. నిజం తెలిశాక వాడినే కావలించుకుని ఏడుస్తాడు.

దుఃఖం ఇలా కోపమై ఎదురుగా ఉన్న పిల్లాడి మీద పడటం నేను ఎన్నో ఇళ్లల్లో చూశాను. "ఆయన పోయాక పిల్లల మీద ఊరికే అరుస్తున్నానండీ" అని సిగ్గుపడుతూ చెప్పే తల్లులకి ఈ ఒక్క సీను చూపిస్తాను. ఆత్మహత్య జరిగిన ఇంటికి మాత్రం ఈ సినిమా నేనుగా చెప్పను. వాళ్లే చూస్తామంటే వంతెన సంగతి ముందే చెప్పేస్తాను.

అపోహ: పిల్లలకి చూపించేటప్పుడు బాధ ఉన్న భాగాలు దాటించేస్తే మంచిది.

వాస్తవం: ఈ పని ఒకసారి డిస్నీ వాళ్లే చేశారు. దానివల్ల ఏమైందో చెప్తాను.

ఇంగ్లిష్ రచయిత డికెన్స్ 1843లో రాసిన కథని మపెట్లనే చేత్తో ఆడించే బొమ్మలతో ‘ద మపెట్ క్రిస్మస్ కెరోల్’గా 1992లో తీశారు. మపెట్ల సృష్టికర్త జిమ్ హెన్సన్ అంతకు రెండేళ్ల ముందే, 1990 మేలో చనిపోయారు. సినిమా తీసింది ఆయన కొడుకు బ్రయాన్. దర్శకుడిగా అతనికి అదే మొదటి సినిమా. కెర్మిట్ అనే కప్పబొమ్మని ఎన్నో ఏళ్లు జిమ్ తన చేత్తో ఆడించి, తన గొంతుతో మాట్లాడించారు. ఈ సినిమాలో దాన్ని ఆడించింది స్టీవ్ విట్‌మైర్. కథలో ఆ కప్ప ఒక పేద తండ్రి. ఊతకర్రతో నడిచే చిన్న కొడుకుని పోగొట్టుకున్న ఇల్లు ఎలా ఉంటుందో ఒక సీనులో చూపిస్తారు. నాన్న పోయిన కొడుకు తీసిన సీను అది. తండ్రి ఇంటికొచ్చి, పిల్లాడి కోసం కొండ మీద ఒక చోటు చూసొచ్చానని, అక్కడి నుంచి ఏట్లో బాతులు కనిపిస్తాయని, వాడికి బాతులంటే ఇష్టం కదా అని చెప్తాడు. సమాధి అనే మాట రాదు, అయినా ఏదీ దాచినట్టు ఉండదు.

ఇందులోనే ఒక పాట ఉంది. కథలోని పిసినారి ముసలాయన్ని వయసులో ప్రేమించిన అమ్మాయి, అతన్ని వదిలి వెళ్లిపోతూ పాడుతుంది. చిన్నపిల్లలు అంతసేపు కుదురుగా కూర్చోలేరని థియేటర్ ప్రింట్లో అది తీసేశారు. కానీ చివర్లో అందరూ కలిసి పాడే సంతోషం పాటకి బాణీ దానిదే. మొదటిది వినని పిల్లలకి చివరిది మామూలు పాటే. విన్న పిల్లలకి అప్పుడు పోయిన ప్రేమ ఇప్పుడు దొరికిందని అర్థమవుతుంది. పాట ఉన్న పూర్తి సినిమాని చివరికి 2022లో డిస్నీ ప్లస్‌లో పెట్టారు.

మన ఇళ్లల్లోనూ ఇలాగే ముక్కలు తీసేస్తుంటాం. "నాన్న ఊరెళ్లాడు", "నాన్న నిద్రపోయాడు" అంటాం. నిద్రపోయాడని చెప్పిన ఇంట్లో ఒక పాప నెల రోజులు పడుకోవడానికే భయపడింది. చనిపోయారు అనే మాటే వాడండి. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలకి తెలిసినంత చెప్పండి.

దాటించకూడదంటే పిల్లలు భయపడే చోట వాళ్లని ఒంటరిగా వదిలేయమని కాదు. ఈ సినిమాలో కథ చెప్పే రెండు బొమ్మలు భయపెట్టే భాగం రాగానే, తాము ఉండలేమని, చివర్లో కలుస్తామని చెప్పి వెళ్లిపోతాయి. అక్కడ రిమోట్ పిల్లల చేతికి ఇవ్వండి. ఆపుకోవచ్చు, లేచి నీళ్లు తాగి రావచ్చు, అమ్మ ఒళ్లో దూరవచ్చు. ఇంగ్లిష్ అంతగా రాని చిన్నపిల్లలకైతే 1982లో బ్రిటన్ టీవీలో వచ్చిన ‘ద స్నోమ్యాన్’ చూపిస్తాను. అరగంట కూడా ఉండదు, మాటలుండవు, మధ్యలో ఒక పాట మాత్రం ఉంటుంది. రాత్రంతా కలిసి ఆడుకున్న మంచుమనిషి తెల్లారేసరికి కరిగిపోతాడు. పిల్లాడు జేబులో చెయ్యి పెడితే, రాత్రి క్రిస్మస్ తాత ఇచ్చిన మఫ్లర్ ఉంటుంది. అంతే, సినిమా అయిపోతుంది. నా దగ్గర చూసిన పిల్లల్లో చాలామంది మంచుమనిషి ఏమయ్యాడని అడగలేదు. మఫ్లర్ గురించే మాట్లాడారు.

అపోహ: దుఃఖానికి ఐదు దశలుంటాయి. అవి దాటితే మామూలైపోతారు, సినిమాల్లోలాగా.

వాస్తవం: కాదనుకోవడం, కోపం, బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోవడం అనే ఐదు దశల మాట ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే వైద్యురాలు 1969లో రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆవిడ మాట్లాడింది ప్రధానంగా చావుకి దగ్గరైన రోగులతో. వెనక మిగిలిన వాళ్లు మెట్లెక్కినట్టు ఆ దశలు దాటాలన్న నియమం ఏమీ లేదు. టీవీ కోసం ఏటా తీసే క్రిస్మస్ సినిమాల్లో భార్య పోయిన నాన్న డిసెంబర్ మొదట్లో మూగగా ఉండి, 25కల్లా కొత్త ప్రేమతో నవ్వేస్తుంటాడు. చూడటానికి హాయిగానే ఉంటుంది, తప్పేం లేదు. దాన్ని గడువుగా తీసుకోవద్దనే చెప్తాను. 1999లో స్ట్రోబ్, షూట్ అనే పరిశోధకులు చెప్పింది మా పనికి బాగా ఉపయోగపడింది. మనిషి కాసేపు దుఃఖంలో ఉంటాడు, కాసేపు బతుకు పనుల్లో పడతాడు, మళ్లీ దుఃఖంలోకి వస్తాడు. అటూ ఇటూ తిరగడమే ఆరోగ్యం. ఇక పిల్లలైతే ఏడుస్తూ ఏడుస్తూనే లేచి సైకిల్ తొక్కడానికి వెళ్తారు. "వీడికి బాధే లేదు" అనకండి.

అపోహ: కోలుకోవడమంటే మర్చిపోవడం. వస్తువులు కళ్ల ముందు లేకుండా తీసేయాలి.

వాస్తవం: పోయినవాళ్లతో బంధం రూపం మార్చుకుని కొనసాగడం సహజమేనని 1996 నుంచి పరిశోధకులు గట్టిగానే చెప్తున్నారు. 2019లో వచ్చిన ‘క్లాస్’ (Klaus) కార్టూన్ సినిమా చూడండి. పుట్టబోయే తమ పిల్లల కోసమని చేసిన బొమ్మలు ఒక ముసలి వడ్రంగి ఇంట్లో దుమ్ముపట్టి ఉంటాయి. పిల్లలు పుట్టలేదు, భార్యా పోయింది. ఆ బొమ్మలు ఒక్కొక్కటిగా ఊరి పిల్లల చేతికి చేరుతుంటే ఆయన మళ్లీ మనిషవుతాడు.

మా దగ్గరికి వచ్చే ఒక కుటుంబంలో క్రిస్మస్ స్టార్ ఏటా నాన్నే కట్టేవారు. వెదురుపుల్లలతో చేసిన పాత స్టార్ అది. ఆయన పోయిన మొదటి డిసెంబర్లో దాన్ని అటక మీద నుంచి దించలేదు. రెండో ఏడు కూతురు దించింది. వైరుకి ఆయన చుట్టిన ఎర్ర టేపు అలాగే ఉంది. బల్బు మార్చింది కానీ టేపు విప్పనివ్వలేదు.

అపోహ: ఏడాది లోపు పండగ చేసుకోం కాబట్టి ఇవేవీ మాకు పనికిరావు.

వాస్తవం: పండగ చేసుకోకపోవడం మంచి పద్ధతే. సంతోషం నటించక్కర్లేదని ఊరంతా ఇచ్చే అనుమతి అది. సినిమా చూడటం పండగ చేసుకోవడం కాదు. ఇష్టం లేకపోతే చూడకండి.

అపోహ: మంచి సినిమా మందులాంటిది.

వాస్తవం: కాదు. పెద్దవాళ్లలో ఏడాది దాటినా, పిల్లల్లో ఆరు నెలలు దాటినా రోజులో ఎక్కువ భాగం అదే వేదనతో గడుస్తూ, తిండి, పని, చదువు ఏవీ సాగకపోతే దాన్ని ఇప్పుడు వైద్యులు చికిత్స అవసరమైన సమస్యగా గుర్తిస్తున్నారు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అంతకాలం ఆగకూడదు, ఆరోజే సాయం అడగాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నంబర్ 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

అపోహ: సినిమా అవగానే పిల్లలతో మాట్లాడించాలి.

వాస్తవం: మొదట్లో నేనూ అలాగే అడిగేదాన్ని, "నీకేమనిపించింది నాన్నా?" అని. పిల్లలు నేలచూపులు చూసేవాళ్లు. ఇప్పుడు అడగను. టీవీ కట్టేసి మామూలుగా అన్నం పెట్టమంటాను. బాతుల సీనున్న ఆ సినిమా చూసిన తొమ్మిదేళ్ల బాబు ఒకడు ఆ రాత్రి ఒక్క మాట మాట్లాడలేదు. మూడో రోజు స్కూల్ నుంచి వస్తూ, స్కూటీ మీద వెనక కూర్చుని అమ్మని అడిగాడట, "నాన్నని పెట్టిన చోటి నుంచి ఏం కనిపిస్తుంది?" అని. ఆవిడ అప్పటికప్పుడే బండి తిప్పి సమాధుల తోటకి తీసుకెళ్లింది. గోడ అవతల రైల్వే గేటు ఉంది. గూడ్సు బండి వెళ్తుంటే వాడు పెట్టెలు లెక్కపెట్టాడట, నాన్నతో కలిసి గేటు దగ్గర ఆగినప్పుడు లెక్కపెట్టినట్టే.