హ్యూమిడార్‌లో బూజు: అపోహలు - వాస్తవాలు

బూజు పట్టిన హ్యూమిడార్‌ను, అంటే సిగార్లను తగిన తేమలో నిల్వ ఉంచే పెట్టెను, నా దగ్గరకు తెచ్చేవారిలో చాలామంది మొదట అనే మాట, ‘ఎంతో జాగ్రత్తగా చూసుకున్నానండీ’ అని. అబద్ధమేమీ కాదు. సిగార్లు ఎండిపోతాయన్న భయంతో పెట్టెలోని తేమనిచ్చే స్పాంజికి నీళ్లు పోస్తూనే ఉంటారు, చిక్కంతా అక్కడే. పొగాకు ఆరోగ్యానికి హానికరం అన్న విషయంలో ఏ అపోహా లేదు కనుక దాన్ని పక్కన పెట్టి పెట్టె సంగతి చూద్దాం.

అపోహ: ఆ తెల్లటి పొడి బూజు కాదు, ‘ప్లూమ్’. మేలురకం సిగార్‌కు అదే గుర్తు.

వాస్తవం: ఏళ్ల తరబడి నిల్వ ఉంచితే ఆకులోని నూనెలు పైకి వచ్చి స్ఫటికాలుగా మారతాయని చెబుతారు. సరుకు అమ్ముకునేవారికి ఇంతకన్నా అనుకూలమైన కథ లేదు. భూతద్దం కింద పెట్టి చూడండి. స్ఫటికమైతే మెరుస్తుంది, అంచులు పదునుగా ఉంటాయి. బూజైతే సన్నటి దారాలు అల్లుకుని మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ప్లూమ్ అంటూ నాకు చూపించినవాటిలో దాదాపు అన్నీ బూజే. తుడిస్తే పోయేది ప్లూమ్, మరక మిగిల్చేది బూజు అనే పరీక్ష కూడా పనికిరాదు, లేత తెల్లబూజు మరక లేకుండానే పోతుంది. నేను ముందు చూసేది వెలిగించే కొసనే. అక్కడ దారాలు కనిపిస్తే లోపలి ఆకుకూ పట్టిందనే లెక్క.

అపోహ: తేమను కొలిచే హైగ్రోమీటర్ ముల్లు 70 మీద ఉంది, కాబట్టి భయం లేదు.

వాస్తవం: ఎక్కువ పెట్టెలు పాడయ్యేది ఈ నమ్మకంతోనే. 70 శాతం తేమ, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 21 సెల్సియస్) అన్నది పాత సూత్రం. దానిలో తప్పు లేదు గానీ, పొరపాటుకు చోటు తక్కువ. తేమ 75 దాటితే బూజుకు అనువైన వాతావరణం ఏర్పడినట్టే, వేడి తోడైతే ఇంకా త్వరగా పెరుగుతుంది. అందుకే నేను 65 - 68 మధ్య ఉంచుతాను.

ఇంతకీ ఆ 70 నిజంగా 70యేనా? మూతకు బిగించి వచ్చే ముల్లు హైగ్రోమీటర్లు చాలావరకు తప్పు చూపిస్తాయి. ఉప్పుతో సరిచూసుకోవచ్చు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత వరకు కొద్ది చుక్కల నీళ్లు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. దాన్నీ హైగ్రోమీటర్‌నూ గాలి చొరబడని సంచిలో ఒక రోజు ఉంచితే 75 చూపాలి. 70 చూపితే మీ పరికరం 5 తక్కువ చెబుతోందన్నమాట, అంటే మీరు ఇన్నాళ్లూ 70 అనుకున్నది 75.

పరికరం సరైనదైనా అది చెప్పేది తానున్న చోటి సంగతే. తేమనిచ్చే స్పాంజి పక్కనున్న సిగార్ల దగ్గర మరో అంకె ఉంటుంది. పెట్టెను చల్లటి గోడకు ఆనించి పెడితే ఆ వైపు లోపల చెమ్మ పట్టవచ్చు. హైగ్రోమీటర్‌ను అప్పుడప్పుడూ మూలలకు జరిపి చూడండి.

అపోహ: డిస్టిల్డ్ వాటర్ పోస్తే బూజు రాదు.

వాస్తవం: డిస్టిల్డ్ వాటరే వాడాలి, కానీ కారణం వేరు. కుళాయి నీటిలోని ఖనిజాలు స్పాంజి రంధ్రాలను మూసేస్తాయి. బూజు బీజాలు గాలిలో, ఆకు మీద ముందే ఉంటాయి. వాటికి కావలసింది తేమ, అది ఏ నీటి నుంచి వచ్చినా ఒకటే. ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రావణం స్పాంజికి బూజు పట్టకుండా కొంత అడ్డుకుంటుంది. అయితే అది నీటిలా ఆవిరైపోదు, కాబట్టి ప్రతిసారీ ద్రావణమే పోయకుండా మధ్యలో వట్టి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఈ తంటా వద్దనుకుంటే తేమను ఇచ్చీ పీల్చీ సమం చేసే ప్యాకెట్లు ఉన్నాయి. గట్టిగా మూసుకునే ప్లాస్టిక్ డబ్బాకు 65, కాస్త గాలి తగిలే చెక్కపెట్టెకు 69 రకం సరిపోతుంది.

అపోహ: పెట్టె లోపలి పలకలు స్పానిష్ సెడార్ చెక్కవైతే చాలు, బూజు రాదు.

వాస్తవం: ఆ చెక్క తేమను పీల్చి మెల్లగా వదులుతుంది, మంచి వాసన ఇస్తుంది. బూజును మాత్రం చంపదు. పైగా కొత్త పెట్టెలో ఒక మోసం ఉంది. ఎండు చెక్క సిగార్ల తేమను లాగేసుకుంటుంది, అంకె పడిపోతుంది, కంగారుపడి నీళ్లు పోస్తారు. చెక్క దాహం తీరాక ఆ నీరంతా ఎక్కడికి పోతుంది? అందుకే ముందుగా ఖాళీ పెట్టెలో 84 శాతం ప్యాకెట్ గానీ, గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ గానీ రెండు వారాలు ఉంచాలి. తడిగుడ్డతో చెక్కను తుడిచే పద్ధతి నాకు నచ్చదు, పలకలు వంకరపోతాయి.

అపోహ: ఫ్రీజర్‌లో పెడితే బూజు చస్తుంది.

వాస్తవం: ఫ్రీజర్ పొగాకు పురుగు కోసం. బూజు బీజాలు ఆ చలిని తట్టుకుంటాయి.

అపోహ: ఒకటి చెడితే పెట్టెంతా పారేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. కొసలో బూజు ఉన్నవి, పచ్చగా, నీలంగా, నల్లగా మారినవి పారేయండి, వాటి మీద మమకారం వద్దు. పై ఆకు మీద మాత్రమే పలచగా తెల్లబడినవాటిని పెట్టెకు దూరంగా తుడిచి, వేరే డబ్బాలో 62 ప్యాకెట్‌తో ఉంచి గమనించండి. మళ్లీ వస్తే అవీ పారేయాల్సినవే. ఖాళీ పెట్టెను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, వాసన పూర్తిగా పోయేదాకా మూత తెరిచి ఉంచండి. బ్లీచింగ్, సబ్బు వద్దు, చెక్క ఆ వాసనను వదలదు. పాత స్పాంజిని మార్చేయండి. కొన్నాళ్లు అంకె కదలకుండా నిలిచాకే సిగార్లను తిరిగి పెట్టండి, అదీ గాలి ఆడేలా పావు వంతు ఖాళీ వదిలి.